జనం ఈల వేసిన దెబ్బ

సంక్రాంతి మూడు రోజులూ సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు నుంచి కార్లూ బైకులూ వరస కట్టి ఆంధ్రా సరిహద్దు దాటుతాయి. అత్తారింటికి పోయేవాళ్లు కొందరైతే, కోడిపందేల బరి దగ్గరికి పోయేవాళ్లు చాలామంది. 2014 దాకా ఖమ్మం జిల్లాలోనే ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు ఇప్పుడు పక్క రాష్ట్రం. పందెం రాయుళ్లకు ఆ గీత ఎప్పుడూ అడ్డు కాలేదు. భద్రాచలం దాటి చింతూరు, కోంట వైపు పోతే పండగ దాకా ఆగక్కర్లేదు, వారపు సంతలోనే కోళ్లను దింపుతారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం దీన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. కానీ బరి చుట్టూ మూగిన జనాన్ని గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. డేగ, కాకి, నెమలి అని రంగులు చూసి, ఏ పూట ఏ రంగుకు గెలుపుందో కుక్కుట శాస్త్రం తిరగేసేవాళ్లు కూడా చివరికి మెచ్చేది వెన్ను చూపని కోడినే. పారిపోయిన కోడి ప్రాణంతో ఉన్నా దాని యజమాని ఆ పూట తలెత్తుకోలేడు.

కాలికి కత్తి కట్టి కోళ్లను కొట్లాడించే దేశాలు ఇంకా ఉన్నాయి. మెక్సికో ఒకటి, ఫిలిప్పీన్స్ ఇంకొకటి. బాక్సింగ్‌ను ప్రాణంగా చూసుకునే దేశాల పేర్లు చెప్పమన్నా ఈ రెండే ముందు నోటికొస్తాయి.

ఈ రెండింటి మధ్య పసిఫిక్ సముద్రమంత దూరం ఉన్నా, చుట్టరికం పాతది. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికో రేవు అకపుల్కోకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఫిలిప్పీన్స్ మీద స్పెయిన్ పెత్తనం సాగిందే మెక్సికో నగరం మీదుగా. వెండి ఇటు, పట్టు అటు. సరుకుతోపాటు ఫిలిప్పీన్స్ నావికులు కొబ్బరిచెట్టు గీసి కల్లు దింపే విద్యను మెక్సికో పడమటి తీరానికి మోసుకెళ్లారు. కొలీమా వీధుల్లో ఆ కల్లును ఇవాళ్టికీ ‘తూబా’ అనే ఫిలిప్పీన్స్ పేరుతోనే అమ్ముతారు. మెక్సికోలో ఒక మామిడి రకం పేరే ‘మనీలా’. బాక్సింగ్ మాత్రం ఈ ఓడల్లో రాలేదు. రెండు దేశాలకూ దాన్ని అంటించింది అమెరికాయే. 1898 తర్వాత ఫిలిప్పీన్స్‌లో దిగిన అమెరికన్ సిపాయిలు అక్కడ నేర్పారు, మెక్సికోకు ఉత్తరాన ఉన్న సరిహద్దు మీదుగా వచ్చింది. గురువు ఒక్కడే, శిష్యుల చేతివాటాలు వేరు. ఎందుకు వేరయ్యాయన్నదే నాకు ఆసక్తి.

మెక్సికో బాక్సర్ అనగానే అభిమానికి గుర్తొచ్చేది ఎడమచేతి హుక్. అదీ ముఖానికి కాదు, కాలేయానికి. కాలేయం కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది కాబట్టి ఎదురుగా నిలబడ్డవాడి ఎడమచేతికి అది దగ్గర. ముందు ముఖం మీదికి ఒకటి రెండు జాబ్‌లు విసురుతాడు. అవతలివాడు గార్డ్ పైకెత్తుతాడు, దాంతో మోచెయ్యి పక్కటెముకల మీది నుంచి బెత్తెడు లేస్తుంది. అంతలో ఇతను ఎడమ మోకాలు వంచి, బరువంతా ఆ తొడ మీదికి దించి, నడుము తిప్పుతూ ఆ బెత్తెడు సందులోకి పిడికిలి పోనిస్తాడు. బలమంతా నడుముది, చెయ్యి దాన్ని చేరవేస్తుంది, అంతే. దవడ మీద తగిలితే తెలివి తప్పుతుంది. కాలేయం మీద తగిలితే తెలివి ఉంటుంది, ఒళ్లు మాట వినదు. తగిలిన క్షణంలో ఏమీ కానట్టే ఉంటుంది, ఒక్కోసారి తిన్నవాడు ఒక అడుగు కూడా వేస్తాడు. ఆ తర్వాత రక్తపోటు పడిపోయి, ఊపిరి అందక, మోకాళ్ల మీద కూలబడతాడు. రెఫరీ పది దాకా లెక్కపెట్టడం అతనికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది.

ఈ దెబ్బ కొట్టాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే తనకూ తగులుతుంది, ఎడమచెయ్యి కిందికి దిగిన ఆ క్షణంలో తన దవడకు కాపలా ఉండదు. మెక్సికో జనం ఈల వేసేది సరిగ్గా అక్కడే. తిని కొట్టినవాడు మగాడు, తినకుండా కొట్టినవాడు లెక్కలమాస్టారు. రైలుపెట్టెలో కాపురమున్న కూలియాకాన్ కుటుంబం నుంచి వచ్చిన హూలియో సీజర్ చావెజ్‌ను వాళ్లు దేవుణ్ణి చేసుకున్నది అందుకే. 1990 మార్చి 17న మెల్‌డ్రిక్ టేలర్‌తో పోటీలో చావెజ్ పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. పన్నెండో రౌండ్ ముగియడానికి రెండు సెకన్లు ఉందనగా టేలర్ ఇక ఆడలేడని రెఫరీ పోటీ ఆపేశాడు. దాని మీద తగువు నేటికీ తెగలేదు. అయితే అంతకుముందు చాలా రౌండ్లు గెలుస్తూ వచ్చిన టేలర్ ముఖం ఆ రాత్రి ఎలా ఉందో చూసినవాళ్లకు ఆ గెలుపులు ఎంత ఖరీదు పడ్డాయో అర్థమవుతుంది. మూడేళ్లకు, 1993 ఫిబ్రవరి 20న, మెక్సికో నగరంలోని అజ్‌తెకా స్టేడియంలో గ్రెగ్ హాగెన్‌తో పోటీకి 1,30,000 మందికి పైగా వచ్చారు. అంతమంది టికెట్ కొనగలిగిన మెక్సికన్లు ఎక్కడున్నారని హాగెన్ ముందే ఎగతాళి చేశాడు. చావెజ్ అతణ్ణి ఐదో రౌండ్‌లో ముగించాడు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ‘మెక్సికన్ స్టైల్’ అని మనం అనుకునేది మెక్సికోలో సగమే. అదే మెక్సికో నగరంలో నాచో బెరిస్తాయిన్ అనే గురువు ఓపిగ్గా కాచుకుని, అవతలివాడి తప్పును పట్టుకుని కొట్టే పద్ధతిని పెంచి పోషించాడు. ఒక్క ఓటమి లేకుండా రిటైరైన రికార్డో లోపెజ్, హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ ఆయన తయారుచేసినవాళ్లే. నైపుణ్యం లెక్కన చూస్తే చావెజ్ కంటే లోపెజ్ ఏమాత్రం తక్కువ కాదు, ఒకట్రెండు విషయాల్లో ఎక్కువే అని నా లెక్క. అయినా లోపెజ్ కోసం లక్షమంది రాలేదు. మరో తమాషా చూడండి: ఇటీవలి కాలంలో ‘మెక్సికన్ స్టైల్’ అన్న మాటను తన పేరుకు తగిలించుకుని బాగా అమ్ముకున్నవాడు గెన్నడీ గోలోవ్‌కిన్. అతనిది కజకిస్తాన్.

ఫిలిప్పీన్స్ కథ కత్తితో మొదలవుతుంది. ‘బోలో’ అంటే అక్కడి పల్లెల్లో చెరకు నరకడానికీ పొదలు కొట్టడానికీ వాడే కత్తి. మన మన్యంలో కత్తి లేకుండా అడవికి ఎలా పోరో, అక్కడ బోలో లేకుండా పొలానికి పోరు. కింది నుంచి అర్ధచంద్రాకారంలో లేచే ఆ కత్తివేటును పిడికిలికి తెచ్చి, ‘బోలో పంచ్’గా లోకానికి పరిచయం చేసినవాడు సెఫెరీనో గార్సియా. 1939లో అతను మిడిల్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. తర్వాతి తరంలో గేబ్రియల్ ‘ఫ్లాష్’ ఎలోర్డే. ఎడమచేతి వాటం వాడు, 1960లో కేసన్ సిటీలో హెరాల్డ్ గోమ్స్‌ను ఏడో రౌండ్‌లో పడగొట్టి టైటిల్ గెలిచి 1967 దాకా వదల్లేదు. అతని పాదాల కదలికలు ఎస్క్రిమా అనే కర్రసాము నుంచి వచ్చాయని చెబుతారు. కర్రసాములో వంకర అడుగు తప్పనిసరి. కర్రకు ఎదురుపోతే నుదురు పగులుతుంది కాబట్టి పక్కకు జరుగుతూనే ముందుకు పోవాలి.

ఆ వంకర అడుగును తిరుగులేని ఆయుధం చేసుకున్నవాడు మానీ పకియావో. ఎడమచేతి వాటం వాడికి ముందుండేది కుడిపాదం, కుడిచేతి వాటం వాడికి ఎడమపాదం. ఇద్దరూ ఎదురుపడితే ముందుపాదాలు దాదాపు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పకియావో తన కుడిపాదాన్ని అవతలివాడి ఎడమపాదానికి బయట వేస్తాడు. అంతే, జానెడు జరుగుడు. ఇప్పుడు తన ఎడమచేతికి ఎదురుగా అవతలివాడి గడ్డం తిన్నగా కనిపిస్తుంది, అవతలివాడి కుడిచేతికి మాత్రం తాను అందడు. ఆ ఎడమ పిడికిలి దిగేసరికే కాళ్లు మళ్లీ కదిలిపోతాయి. జవాబు విసిరినవాడి ముందు ఖాళీ చోటే మిగులుతుంది.

ఈ పద్ధతి ఒంటి కొలతల నుంచి పుట్టింది. పకియావో 1995లో ప్రొఫెషనల్‌గా అడుగుపెట్టినప్పుడు 48 కిలోలు తూగడానికి జేబుల్లో ఇనుప గుండ్లు వేసుకున్నాడు. తర్వాత ఎనిమిది బరువు విభాగాల్లో, 70 కిలోల దాకా, ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. ఎప్పుడూ తనకంటే పెద్దవాళ్లతో కొట్లాట. పెద్దవాడి ఎదుట తిన్నగా నిలబడడం చిన్నవాడికి గిట్టుబాటు కాదు. పైగా ఫిలిప్పీన్స్ బాక్సర్ గొప్ప గెలుపులు ఎక్కువగా పరాయి గడ్డ మీదే గెలిచాడు. పాంచో విల్లా 1923 జూన్ 18న జిమ్మీ వైల్డ్‌ను పడగొట్టి ఆసియా నుంచి తొలి ప్రపంచ చాంపియన్ అయింది న్యూయార్క్‌లో, తన దేశాన్ని ఏలుతున్న దొరల ఊళ్లో. రెండేళ్లకే పంటిగాయం గొంతుకు పాకి 23 ఏళ్లకు చనిపోయాడు. పరాయి దేశాల్లో కూలికీ నర్సుపనికీ ఓడపనికీ పోయిన లక్షలమంది ఫిలిప్పీన్స్ వాళ్లు మెచ్చుకునేది ఆ చాకచక్యాన్నే: పెద్దవాడి ఇంట్లో దూరి, దెబ్బ తినకుండా, గెలుచుకుని రావడం. దుబాయ్‌కీ మస్కట్‌కీ మనుషుల్ని పంపిన నిజామాబాద్, కరీంనగర్ వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండు సంప్రదాయాలూ ముఖాముఖి తలపడింది పకియావో–మార్కెజ్ పోటీల్లో. 2004లో మార్కెజ్ మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు కింద పడ్డాడు. లేచి, ఆ వంకర అడుగును చదవడం మొదలుపెట్టి, చివరికి డ్రా చేసుకున్నాడు. 2008, 2011ల్లో పకియావోను గెలిపించారు జడ్జీలు. రెండుసార్లూ మెక్సికో అంతా మండిపడింది. 2012 డిసెంబరు 8న, ఆరో రౌండ్ చివరి సెకన్లలో, పకియావో అలవాటుగా దూసుకొచ్చాడు. మార్కెజ్ వెనక్కి తగ్గినట్టే తగ్గి, కుడి పిడికిలిని అతని దారిలో పెట్టాడు. తన వేగమే తనకు ఎదురొచ్చి పకియావో బోర్లా పడ్డాడు, చాలాసేపు కదల్లేదు. మెక్సికో పండగ చేసుకున్న ఆ దెబ్బ కాలేయానికి కొట్టింది కాదు, బెరిస్తాయిన్ బడిలో నేర్చుకున్న ఓపిక దెబ్బ. జనానికి ఆ తేడా పట్టలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఈ రెండు దేశాల బాక్సర్లతోనూ తలపడింది. 2019 ఫిబ్రవరిలో సోఫియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీ ఫైనల్లో ఫిలిప్పీన్స్‌కు చెందిన ఐరిష్ మాగ్నోను ఓడించింది. 2022 మేలో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల తొలి రౌండ్‌లో మెక్సికోకు చెందిన ఫాతిమా హెరేరాను 5–0తో, 2023లో ఢిల్లీలో మళ్లీ ఆమెనే 5–0తో. రెండుసార్లూ చివరికి బంగారు పతకం నిఖత్‌దే. ఆమెకు నిజామాబాద్‌లో తొలి గురువు కామన్వెల్త్ పతక విజేత హుసాముద్దీన్ తండ్రి. తర్వాత విశాఖలోని స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు. ఆమె ఆట దూరం లెక్క మీద నడుస్తుంది: అందనంత ఎడంగా నిలబడి, చటుక్కున దూరి, తిన్నని పంచ్‌లు రెండు మూడు వేసి, జవాబు రాకముందే బయటపడడం. ఈ ఆటను తీర్చిదిద్దింది జనం కాదు, రింగ్ పక్కన కూర్చున్న ఐదుగురు జడ్జీలు. 5–0 అంటే ఐదుగురూ ఆమెకే ఇచ్చారని. స్పష్టంగా తగిలింది కనిపించాలి, తాను తిన్నది కనిపించకూడదు. నిజామాబాద్‌లో ఆమె రింగ్‌లోకి దిగిన రోజుల్లో ఈల వేయడానికి జనమే లేరు, ఆడపిల్లకు ఇదెందుకన్నవాళ్లు తప్ప.

ఇలా జడ్జీల లెక్కకు ఆడడాన్ని లోటు అనను. అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడే రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. ఒక్కదానితోనే కూల్చని కాలేయం దెబ్బలు వడ్డీకి ఇచ్చిన డబ్బులాంటివి, చాలాసార్లు చివరి రౌండ్లలో గానీ చేతికి రావు. మెక్సికో విద్య పన్నెండు రౌండ్ల విద్య. ఒలింపిక్ లెక్కలే సాక్ష్యం. మెక్సికోకు బాక్సింగ్‌లో వచ్చిన రెండు స్వర్ణాలూ 1968లో సొంత గడ్డ మీద వచ్చినవే. టోక్యోలో ఒక్క పతకమూ లేదు, పారిస్‌లో మార్కో వెర్దే రజతం ఒక్కటి. ఫిలిప్పీన్స్‌కు ఇంతవరకు బాక్సింగ్ స్వర్ణం లేదు గానీ, ఈ రెండు ఒలింపిక్స్‌లో కలిపి ఐదు పతకాలు వచ్చాయి. వాళ్లలో చిన్నప్పుడు చెత్త ఏరుకుని బతికిన కార్లో పాలాం ఒకడు. దూరి బయటపడే ఆట తొమ్మిది నిమిషాలకు సరిగ్గా సరిపోతుంది. కిన్నెరసాని క్రీడా పాఠశాల పిల్లలకో, చర్ల వైపు నుంచి వచ్చిన సన్నటి కోయ కుర్రాడికో రేపు ఎవరైనా గ్లవ్స్ తొడిగితే, నేనైతే ముందు పాదం ఎక్కడ వెయ్యాలో నేర్పమంటాను. కాలేయం దెబ్బ తర్వాత, ఒంటికి బరువొచ్చాక.

సోఫియాలో నిఖత్ చేతిలో ఓడిన మాగ్నో మరుసటి ఏడాది ఫిలిప్పీన్స్ నుంచి ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి మహిళా బాక్సర్ అయింది. నిఖత్‌కు ఆ అవకాశం రాలేదు, 2019 డిసెంబరులో ఎంపిక పోటీలో మేరీ కోమ్ ఆమెను ఓడించింది. టోక్యోలో మాగ్నోను ఇంటికి పంపిన థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్ జిట్‌పాంగ్. పది నెలల తర్వాత ఇస్తాంబుల్ ఫైనల్లో నిఖత్‌కు ఎదురొచ్చింది ఆ అమ్మాయే. ఐదుగురు జడ్జీలూ నిఖత్‌కే ఇచ్చారు.