కొయ్య వయసు, చెక్కడం వయసు

ముదినేపల్లి ప్రాంతంలో ఎవరైనా ఒక కొయ్య శిల్పాన్ని మీకు చూపి మధ్యయుగానిదంటే, శైలిని చూసి తొందరపడకండి. శైలిని నేర్పరి వడ్రంగి నేడూ దించగలడు. రేడియో కార్బన్ పరీక్ష చెట్టు పెరిగిన కాలాన్నే చెబుతుంది. ఉలి ఎప్పుడు పడిందో చెప్పదు. పాత దూలం మీద కొత్తగా చెక్కి ఉండవచ్చు కదా!

పురుగు తొలిచిన దారులను గమనించండి. పురుగు బయటికి వచ్చినచోట సాధారణంగా చిన్న గుండ్రని రంధ్రమే మిగులుతుంది. అరుగుదలకు అందని లోతైన మడతల్లో ఆ దారి కాలువలా పొడవునా తెరుచుకొని ఉంటే, పురుగు పట్టిన తరువాతే ఉలి పడిందని అనుమానించాలి. నా దృష్టిలో శైలి కంటే ఇది గట్టి సాక్ష్యం.

అయితే కొత్తదల్లా నకిలీ కాదు. అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో స్వామివారి రథం కాలిపోగా, కొత్త రథం చేయించి 2021లో ప్రారంభించారు. దాన్ని పాతదని ఎవరూ చెప్పలేదు.