తమ్ముడి గ్లౌజు

నాలుగు సబ్జెక్టులు తప్పి, బోర్డింగ్ స్కూల్ నుంచి గెంటించుకున్న పదహారేళ్ల కుర్రాడు. ముక్కు మీద కోపం, నోరు తెరిస్తే తిట్టు. జె.డి. శాలింజర్ నవల ‘ద క్యాచర్ ఇన్ ద రై’ 1951లో వచ్చింది. అందులోని హోల్డెన్ కాల్‌ఫీల్డ్ మీద వ్యాసం రాయమంటే ఎవరైనా ఇక్కడే మొదలుపెడతారు. రెండో పేరాకల్లా ఏదో ఒక మానసిక రుగ్మత పేరు తగిలిస్తారు. విశ్లేషణ ముగిసిందనుకుంటారు.

చిక్కేమిటంటే, కథంతా చెప్పేది హోల్డెనే. పైగా తనంత అబద్ధాలకోరు లేడని తానే ఒప్పుకుంటాడు. ఇలాంటి సాక్షి దొరికినప్పుడు మాటల కంటే చేతలు చూడడం మేలు. రైల్లో అతనికి తోటి విద్యార్థి తల్లి తారసపడుతుంది. ఆ కొడుకంటే హోల్డెన్‌కు ఒళ్లుమంట. అయినా మీవాడు ఎంత మంచివాడో, ఎంత బిడియస్తుడో అంటూ కథలల్లి ఆమెను సంతోషపెడతాడు. ఇంటికి ముందే ఎందుకు వెళ్తున్నావని అడిగితే మాత్రం, మెదడులో కణితి, ఆపరేషన్ అంటాడు. మొదటి అబద్ధంతో అతనికి దక్కేదేమీ లేదు.

అసలు పట్టుకోవలసిన దారం తమ్ముడు ఆలీ. 1946 జూలై 18న లుకేమియాతో పోయాడు. ఈ సంగతి కూడా హోల్డెన్ సూటిగా చెప్పడు. రూమ్‌మేట్ స్ట్రాడ్‌లేటర్ తన బదులు వ్యాసం రాసిపెట్టమంటాడు. ఏ గదినో, ఇంటినో వర్ణిస్తే చాలు. హోల్డెన్ ఆలీ బేస్‌బాల్ గ్లౌజు గురించి రాస్తాడు. మైదానంలో ఆట ఆగినప్పుడు చదువుకోవడానికి ఆలీ దాన్నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడట. చావు కబురు మనకు ఆ గ్లౌజు ద్వారానే తెలుస్తుంది. తమ్ముడు పోయిన రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో బద్దలుకొట్టాడు. ఇప్పటికీ ఆ చెయ్యి గట్టిగా ముడవలేడు. నేనడిగింది ఇది కాదని రూమ్‌మేట్ విసుక్కుంటే కాగితాలు చింపేస్తాడు.

పరుగున చదివేవాళ్లకు మిగతాది అందదు. హోటల్ గదిలో దిగులు కమ్మినప్పుడు హోల్డెన్ ఆలీతో పైకే మాట్లాడతాడు, సైకిల్ తెచ్చుకో, కలుద్దాం అని. ఒకప్పుడు చిన్నవాడివంటూ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లలేదు మరి. చాలా తర్వాత, సెంట్రల్ పార్కులో చలికి వణుకుతూ కూర్చున్నప్పుడు, చేతి గాయంతో ఆసుపత్రిలో ఉండి అంత్యక్రియలకు వెళ్లలేదన్న మాట బయటపడుతుంది. సమాధుల దగ్గర వాన మొదలైతే వచ్చినవాళ్లంతా కార్లలోకి పరుగెత్తి, రేడియో పెట్టుకుని, భోజనానికి వెళ్లిపోగలరు. ఆలీ ఒక్కడే వెళ్లలేడు. పెద్దల మీద హోల్డెన్‌కున్న చిరాకంతా ఈ వాన దగ్గర అర్థమవుతుంది. పోయినవాణ్ణి వదిలేసి హాయిగా బతికేస్తున్నారన్నది అతని ఫిర్యాదు.

అలాగని జాలి కురిపించడమూ సరికాదు. ఐస్ స్కేటింగుకు తీసుకెళ్లిన శాలీ హేస్‌ను కటువైన మాటతో ఏడిపిస్తాడు, ఆపైన నవ్వుతాడు. దుఃఖం ఉన్నంత మాత్రాన ఆ అమ్మాయికి జరిగింది చెరిగిపోదు.

ఇదంతా రచయిత యుద్ధ గాయమే అనేవారున్నారు. శాలింజర్ నార్మండీ తీరంలో దిగిన సైనికుడు, 1945లో న్యూరెంబర్గ్‌లో ఆసుపత్రి పాలైనవాడు. ఆ నీడ నవల మీద ఉండొచ్చు. కానీ హోల్డెన్ పాత్ర ఉన్న కథను న్యూయార్కర్ పత్రిక 1941లోనే తీసుకుంది. పెర్ల్ హార్బర్ దాడితో ఆపి, 1946లో అచ్చువేసింది. కుర్రాడు శాలింజర్ యుద్ధానికి వెళ్లకముందే పుట్టాడన్నమాట.

నవల చివర హోల్డెన్ చికిత్సలో ఉంటాడు. సెప్టెంబరులో బడికి వెళ్లాక శ్రద్ధగా చదువుతావా అని అక్కడి మానసిక విశ్లేషకుడు పదేపదే అడుగుతుంటాడు. చేసేదాకా ఏం చేస్తామో ఎలా తెలుస్తుంది, అదేం పిచ్చి ప్రశ్న అనుకుంటాడు హోల్డెన్. ఆలీ గురించి ఆయన ఎప్పుడైనా అడిగాడా అన్నది శాలింజర్ రాయలేదు.