విజయనగరమునుండి వచ్చిన పాట

ప్రతి సంవత్సరమును ఫిబ్రవరి మాసమున మన పేటలో ఎక్కడనో ఒకచోట ఘంటసాలగారి స్మృతిసభ జరుగును. ఆయన 1974 ఫిబ్రవరి 11న పరమపదించిరి. మేము ఈ సభలకు తప్పక పోవుచుందుము. పాడువారి భక్తియందు మాకు సందేహము లేదు. అయినను సభ ముగిసి ఇల్లు చేరునప్పుడు ఏదో వెలితి మమ్ము వెంటాడును. దానిని ఈ సంచికలో చెప్పుటకు సాహసించుచున్నాము. పెద్దలు మన్నింతురుగాక.

వేదికపై గాయకుడు నిలుచును. ప్రక్కనున్న పెట్టెనుండి, కరోకే అని యిప్పుడు పిలుచుచున్న వాద్యధ్వని వెలువడును. అందు వయొలిను వలె వినిపించునది వయొలిను కాదు, వేణువు వలె వినిపించునది వేణువును కాదు. పాట ముగిసినపిదప వక్త లేచి, ఆనాటి సంగీతము స్వచ్ఛమైన మన సంప్రదాయమనియు, నేటిది సంకరమనియు సెలవిచ్చును. సభ చప్పట్లు కొట్టును. ఈ అభిప్రాయము మాకు సమ్మతము కాదు. ఆనాటి పాట గొప్పదనుట నిజము. స్వచ్ఛమగుటచేత గొప్పదనుట పొరపాటు.

ఆ పాట పుట్టినింటికే పోయి చూతము. విజయనగరము పెద్ద ఊరు కాదు. కోట, గంటస్తంభము, మూడులాంతర్ల కూడలి, 1919లో మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాల. ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరబోయి అధ్యాపకులైన కథ తెలియని తెలుగువాడుండడు. కృష్ణామండలమునుండి వచ్చిన ఘంటసాల జోలె భుజమున వేసికొని మధుకరము చేసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి చలువతో చదివినది ఆ వీధులలోనే. పి. సుశీలగారిది ఆ ఊరే. సాలూరి రాజేశ్వరరావుగారిది సాలూరు సమీపమునందలి శివరామపురము. ఒక చిన్న చదువులయూరు, దాని చుట్టుపట్ల రెండుమూడు పల్లెలు కలిసి కోడంబాక్కమునకు ఇంత సంగీతమును పంపినవి.

మరి ఆ ఊరి సంగీతము స్వచ్ఛమా? నారాయణదాసుగారు హరికథలో పాట, మాట, ఆట మూడింటిని కలిపిరి. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చిరి. ఇక ద్వారంవారి చేతిలోని వాద్యమో? అది ఐరోపానుండి వచ్చి దీక్షితుల కాలమున మన కచేరీలో చోటు సంపాదించుకొన్నది. 1952లో మెన్యూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ద్వారంవారి వాదనము విని ఆనందించెను. ఆ ఊరికి కీర్తి తెచ్చిన వాద్యమే పొరుగుసొత్తు. ఈ సంగతి మన వక్తలకు తోచకపోవుట చిత్రము.

రాజేశ్వరరావుగారి విషయము ఇంకను స్పష్టము. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. కుమారుడు 1935లో శ్రీకృష్ణలీలలు చిత్రమున బాలకృష్ణుడై నటించి, పిదప కలకత్తాకు పోయి, పంకజ్ మల్లిక్, సైగల్ మొదలగువారి చెంత హిందూస్థానీ బాణీయు, వంగదేశపు లలితగీతముల నడకయు ఒంటబట్టించుకొని వచ్చెను. ఆ పొందికకు ఫలము 1951 నాటి మల్లీశ్వరి. అందు వాద్యసమ్మేళనమున అద్దేపల్లి రామారావుగారి చేయియు కలదు. ఎడ్లబండి పాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గిత్తల పరుగు లయయందున్నది. రాగము దానిపై తేలుచు పోవును. భానుమతిగారి గొంతు ఎచ్చటను సంగతులకై ఆగదు. కచేరీ పద్ధతిలో పాడినచో ఆ బండి కదలియుండెడిది కాదు. శాస్త్రము తెలిసినవాడు దానిని ఎంతవరకు విడువవలెనో తెలిసియుండుట మేము మిక్కిలి మెచ్చు గుణము.

1955 నాటి మిస్సమ్మలో నాయకునికి పాడిన ఎ.ఎం. రాజా చిత్తూరు మండలమువారు. నాయికకు పాడిన పి. లీల కేరళమందలి చిత్తూరువారు. రెండు చిత్తూరులును కోడంబాక్కమున కలిసినవి! అందు శుద్ధసావేరిలో కూర్చిన యుగళగీతపు బాణీ 1957లో మిస్ మేరీ అను హిందీ చిత్రమునకు అట్లే తరలినది; ఆ చిత్రమునకు సంగీతము హేమంతకుమార్‌ది. ఇచ్చిపుచ్చుకొనుట యెప్పుడును ఒకవైపు నడువలేదు.

ఇంతకన్న ముఖ్యమైన విషయమొకటి కలదు. ఆ దినములలో పాటయంతయు ఒక్క ఊపున ముద్రింపబడెడిది. గాయకుడును వాద్యకారులును ఒకే హాలులో నిలుచువారు. ఒక్క తీగ అపశ్రుతి పలికినను మొదటినుండి మరల పాడవలసినదే. పాశ్చాత్య స్వరలిపి చదువగల క్రైస్తవ వాద్యకారులు గిటారును, సెల్లోను, క్లారినెట్టును పట్టుకొని యుండగా, వారి ప్రక్కనే వీణ, తబలా, మృదంగము. చిట్టిబాబుగారంతటి వైణికులును ఈ బృందములలో కూర్చుండి వాయించినవారే. కాని గ్రామఫోను పలకపై గాయకుని పేరు, చిత్రము పేరు, సంగీతదర్శకుని పేరు మాత్రమే అచ్చయినవి. వాయించినవారి పేర్లకు అందు చోటు లేకపోయెను. మన సభలలో నేడును లేదు.

యంత్రమును నిందించుటయు సులభము కాదు. మీటలపెట్టెను మన పాటలోనికి విరివిగా తెచ్చిన రాజ్-కోటి ఎవరు? ఒకరు టి.వి. రాజుగారి కుమారుడు, ఒకరు సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు. వారివద్ద మీటలు వాయించిన యువకుడే తరువాత ఎ.ఆర్. రహమాన్ అయి, 1992లో ఈ కోడంబాక్కములోని తన ఇంటి స్టూడియోలో రోజా చిత్రమునకు సంగీతము కూర్చెను. హాలు అవసరము తీరినది, హాలులోని నలుబదిమంది అవసరమును తీరినది. తెలుగు చిత్రములు హైదరాబాదునకు తరలినవి. వాహినీ వారి భూమిలో ఆస్పత్రియు, అంగళ్ల సముదాయమును వెలసినవి. ఇందు దోషియని ఒకరిని చూపుట మా తరము కాదు. మా ఫిర్యాదు మనమీదనే. వాయించినవారిలో పలువురు ఈ వీథులలోనే కాపురముండిరి, వారి సంతతి నేటికిని ఇచ్చటనే యున్నది. అయినను వారి పేర్లు వ్రాసిపెట్టుటకు మన సంఘములలో ఒక్క పుస్తకమైనను తెరువలేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక సభలో మా ప్రక్కన ఒక వృద్ధుడు కూర్చుండెను. పల్లవి ముగియగానే అందరును చప్పట్లు కొట్టిరి. ఆయన కొట్టలేదు. ఎడమచేతి వ్రేళ్లు మాత్రము కుర్చీచేతిపై చకచక కదలుచుండెను. చరణమునకు ముందు వచ్చు వాద్యభాగము ముగిసినపిదప మావైపు తిరిగి, "ఇక్కడ వయొలిన్లు ఎనిమిది బాబూ, నేను వెనుక వరుస" అనెను. తక్కినవారి పేర్లు అడిగితిమి. ఆరు చెప్పి ఆగిపోయెను. మరునాడు ఉదయము కాఫీ వేళకు మా తలుపు తట్టి, గడపలోనే నిలుచుండి, ఏడవపేరు చెప్పి వెడలిపోయెను.