నమ్మించే విద్య

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక వింత జీవి వచ్చి పడింది. ఒళ్లు మనిషిది, తల గుర్రానిది. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ చదివేవాడు ‘ఇది జరిగే పనేనా?’ అని అడగడు. ‘ఇప్పుడీ గంధర్వుణ్ణి ఏం చేస్తారు?’ అని పేజీ తిప్పుతాడు. కల్పనా నవల గెలిచేది ఆ క్షణంలోనే.

గెలుపు రహస్యం పొదుపు. అసంభవం ఒక్కటే ఉంటుంది, చుట్టూ ఉన్నదంతా మనకు తెలిసిన లోకం. అంతటి వింతను చూసి లోకులు చేసేది బోనులో పెట్టి ప్రశ్నలు వేయడమే. గంధర్వుణ్ణి నమ్మడానికి మనకు అంత చాలు.

తెలుగువాడికి ఈ విద్య కొత్తది కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’ పద్యకావ్యమే అయినా నవలలా చదివిస్తుంది. బ్రహ్మ సరస్వతికి సరసంగా ఒక కథ చెబుతాడు. అందులోని మనుషులు భూమ్మీద నిజంగానే పుడతారు. సూరన ఆ సంగతి ముందే చెప్పడు. ముక్కలు ముక్కలుగా, వెనకవి ముందు పెట్టి చెప్పుకొస్తాడు. ముడి విడిపోయేసరికి మొదట చదివినదానికంతా కొత్త అర్థం వస్తుంది.

పిల్లల కోసం ఇదే విద్యను దాసరి సుబ్రహ్మణ్యం మరో దారిలో పట్టారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘చందమామ’ మాసపత్రికకు 12 సీరియళ్లు రాశారు. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు, ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి జంట స్నేహితులు. అడవి ఎంత భయంకరమైనా పక్కన స్నేహితుడుంటే చదివే పిల్లవాడికీ ధైర్యమే. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రమాదం అంచున ఆగేది. మిగతా నెలంతా కథ నడిపేది పిల్లవాడే. తప్పించుకునే దారులు తనే అల్లుకునేవాడు. చిత్రకారుడు చిత్రా గారి బొమ్మలు ఆ ఊహకు రూపమిచ్చేవి.

ఈ మూడింటినీ నేను వేర్వేరు వయసుల్లో చదివాను. దాసరి నాకు ఎదురుచూడడం నేర్పారు, విశ్వనాథ ప్రశ్నించడం నేర్పారు, సూరన వెనక్కి తిరిగి మళ్లీ చదవడం నేర్పాడు. పిల్లల కథలని, జానపదాలని పక్కన పెట్టేస్తే మనం పోగొట్టుకునేది కాలక్షేపం ఒక్కటే కాదు. ఇంకోలా ఉండే లోకాన్ని ఊహించగల శక్తినే పోగొట్టుకుంటాం. లోకం మారాలని కోరుకునేవాడికి ముందుగా కావలసింది ఆ శక్తే.

అందుకే ఒక మాట. ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలకు ‘రాకాసిలోయ’ నుంచి ఒక్క భాగం పైకి చదివి వినిపించండి. ప్రమాదం అంచున పుస్తకం మూసేయండి. తర్వాతేమవుతుందో వాళ్లనే చెప్పమనండి.