వెనుకఁబాటునకుఁ గర్త యెవరు?

ఆఫ్రికా దేశముల దారిద్ర్యమునకుఁ గల చారిత్రకహేతువులను విచారించిన గ్రంథములలో వాల్టర్ రాడ్నీ 1972 సంవత్సరమునఁ బ్రకటించిన యాంగ్లగ్రంథము సుప్రసిద్ధము. 'ఐరోపా ఆఫ్రికాను వెనుకఁబఱచిన విధము' అని దాని పేరున కర్థము. గ్రంథకర్త 1942లో గయానా దేశమున జన్మించెను. లండనులోఁ జరిత్రమున డాక్టరు పట్టము వడసి, టాంజానియా దేశపు దారెస్సలాము విశ్వవిద్యాలయమున బోధకుఁడై యుండి దీనిని వ్రాసెను. 1980లో స్వదేశమున బాంబు ప్రేలుటచే హతుఁడయ్యెను. గ్రంథము వెలువడి యర్ధశతాబ్దము గడచినను వాదము చల్లాఱలేదు. ఆ వాదభారము నంతయు గ్రంథనామమందలి క్రియాపద మొక్కటియే మోయుచున్నదని నా యభిప్రాయము.

తెలుఁగున 'వెనుకఁబడు' అనునది యకర్మకము; 'వెనుకఁబఱచు' అనునది సకర్మకము. మొదటిదానిఁ బ్రయోగించినచో, పండు రాలినట్లు ఆ దేశములు తమంతఁ దామే వెనుకఁబడినవని తోఁచును. రెండవదానిఁ బ్రయోగించినంతనే యెవరు, ఎవరిని, దేనితో అను కారకాకాంక్ష పుట్టును. ఆంగ్లమునను ఆ పదమును విశేషణముగ వాడుటయే పరిపాటి; రాడ్నీ దానిని సకర్మకక్రియగఁ జేసి కర్తను ముందు నిలిపెను. ఇది పదచమత్కారము గాదు, గ్రంథప్రతిజ్ఞయే యిది.

ఆ ప్రతిజ్ఞకు సాధనములు దుర్బలములు గావు. అట్లాంటిక్ మహాసముద్రముమీఁది బానిసల వ్యాపారమున నించుమించు 1 కోటి 25 లక్షల మంది యోడల కెక్కింపఁబడిరి. వారిలో 1 కోటి 7 లక్షల మంది మాత్రమే యావలి యొడ్డు చేరిరి. కొనువారు కోరినది పడుచువారిని. కావునఁ దఱిగినది సంఖ్య మాత్రమే గాదు. దున్నువారును నేయువారును బోయిరి. మిగిలినవారిలో బలవంతులకుఁ బొరుగువానిని బట్టి యమ్ముటయే లాభకరమైన వృత్తి యయ్యెను. 1884-85 నాఁటి బెర్లిను సభ పిదప ఐరోపా రాజ్యములు ఖండమును బంచుకొనుట త్వరపడెను. అవి వేసిన రైలుమార్గములు పెక్కులు గనులనుండియుఁ దోఁటలనుండియు రేవులకుఁ బోయెనే కాని దేశముల నొండొంటితోఁ గలుపలేదు. కాంగోను 1885 మొదలు 1908 వఱకు బెల్జియము రాజు రెండవ లియోపోల్డు స్వంత యాస్తివలె నేలి, రబ్బరుకొఱకుఁ బ్రజలను హింసింపించెను. 1960లో నా దేశము స్వతంత్రమైనప్పుడు అందలి విశ్వవిద్యాలయ పట్టభద్రులు ముప్పదిమందియు లేరు.

ఇఁక నాక్షేపములు. అన్వయవ్యతిరేకములచేఁ బరీక్షింతము. ఇథియోపియా, 1936-41 నడుమ ఇటలీ యాక్రమణము దప్ప, పరపాలన మెఱుఁగదు, అయినను బేదదేశమే. బోట్స్వానా యాంగ్లేయుల రక్షితదేశమై యుండి, 1966లో మిక్కిలి పేదయై స్వతంత్రించి, పిదప వజ్రముల యాదాయమును జక్కఁగ వినియోగించుకొని బాగుపడెను. కావున వలసపాలన యొక్కటియే హేతువనుట పొసఁగదు. మఱియు సహారా యెడారిమీఁదను ఎఱ్ఱసముద్రముమీఁదను సాగిన బానిసల వ్యాపారమునకుఁ బ్రధానకర్త ఐరోపా గాదు. దాహోమీవంటి రాజ్యములు తామే బందీలను బట్టి యమ్మినవి. 1965 నుండి 1997 వఱకుఁ గాంగో నేలి దోఁచిన మొబుటు ఆ దేశీయుఁడే. రాడ్నీ యిట్టి సహకారులను మఱవలేదు; కాని వారినిగూర్చిన విచారణ యా గ్రంథమున స్వల్పము.

ఈ చిక్కును విడఁదీయుటకు వ్యాకరణమందలి యొక విభాగ ముపకరించును. 'యజమానుఁడు భృత్యునిచే వండించెను' అనుచోట వండినవాఁడు ప్రయోజ్యకర్త, వండించినవాఁడు ప్రయోజకకర్త. ప్రేరేపింపఁబడినను బ్రయోజ్యునకు స్వాతంత్ర్యము పోదు; కావుననే యతఁడును గర్త. ఒకని కర్తృత్వము వేఱొకని కర్తృత్వమును దుడిచివేయదు. దాహోమీ రాజు పట్టెను. పట్టించినది తుపాకులిచ్చి మనుష్యులఁ గొన్న వర్తకుఁడు. మొబుటు దోఁచెను, అతనిని గద్దెమీఁద నిలిపినది పాశ్చాత్యరాజ్యముల యండ. రాడ్నీ ప్రయోజకునిఁ జూపెను. ఆక్షేపకులు ప్రయోజ్యునిఁ జూపుదురు. ఇరువురిని జూపని వాక్య మసంపూర్ణము.

తరువాతి పరిశోధనము దీనికిఁ దోడ్పడుచున్నది. నేథన్ నన్ 2008లోఁ బ్రకటించిన వ్యాసమున, అట్లాంటిక్, హిందూమహాసముద్ర, ఎఱ్ఱసముద్ర, సహారా మార్గముల నాలుగింటిని లెక్కించి, బానిసలుగ నెక్కువమందిని గోలుపోయిన దేశములే నేఁడెక్కువ పేదవని చూపెను. అతఁడును లియొనార్డ్ వాంచెకానును 2011లో, ఎక్కువగఁ గొల్లపోయిన జాతుల సంతతివారికి నేఁటికిని జుట్టములయందును బొరుగువారియందును నమ్మకము కొఱవడినదని చూపిరి. కొన్నవాఁడు సముద్రము దాఁటి పోయెను. పట్టి యిచ్చినవాఁడు పొరుగుననే మిగిలెను. గాయము మానకుండుటకు హేతు విదియే కావచ్చును.

ఇంత విచార మేల యనఁగా, దారిద్ర్యము నకర్మకముగఁ జెప్పినచో లోకమునకు మిగులునది దయ; సకర్మకముగఁ జెప్పినచో నిలుచునది ఋణము. దయ చూపువాని యిష్టము; ఋణము తీర్పక తీఱదు. ఈ భేదమును జూపినది రాడ్నీ ఘనత. అయితే కర్త యొక్కఁడే యన్నచో ఆఫ్రికావారు తమ చరిత్రమునఁ గర్మపదముగనే నిలిచిపోవుదురు. ఇది వారికిఁ జేయు రెండవ యన్యాయము. ప్రయోజ్యుని గూడ వాక్యమునఁ జేర్చుకొని చదువువారికి ఈ గ్రంథము నేఁటికిని బఠనీయము.