“పక్షివిశేషము”: చాతకధ్వనివిచారము

కావ్యములందు పక్షినామము తటస్థించినపుడెల్ల మన టీకాకారులలో పెక్కురు “ఒక పక్షివిశేషము” అని వ్రాసి ముందునకు సాగిపోవుదురు. ఆ మాట ఏ పక్షికైనను చెల్లును. కావుననే ఏ పక్షిని గూర్చియు ఏమియు చెప్పదు. ఆకుల మాటున కానరాక పలుకు పిట్టను కంఠమును బట్టియే గుర్తింపవలసియుండును. కవి చెవినిబడిన ఆ ధ్వనిని టీక విడిచినచో పద్యమున సగము జారిపోవును. చాతకము విషయమున ఈ నష్టము మిక్కిలి స్పష్టము.

అమరసింహుడు చాతకమునకు సారంగము, స్తోకకము అను పర్యాయములనిచ్చి ఊరకుండెను. మోనియర్ విలియమ్స్ 1899 నాటి నిఘంటువున దీనిని నలుపుతెలుపుల కోకిలజాతి పక్షిగ నిర్ణయించెను. తెలుగున వానకోయిల యనునది ఇదియే. హిందీ సాహిత్యమున మాత్రము చాతకము, పపీహా అను పదములు తరచు పర్యాయములుగ చెల్లుచున్నవి. పపీహా యని సామాన్యముగ పిలువబడునది వేరొక పక్షి. అది డేగను బోలిన బూడిదవన్నె గలది. కొమ్మలలో దాగి మూడు స్వరముల కూతను మరల మరల హెచ్చించుచు, తారస్థాయి నందుకొని హఠాత్తుగ నిలుపును. వెన్నెల రాత్రులందును దాని కూత వినవచ్చును. ఆ కూతయే హిందీవారి చెవికి “పీ కహా”, ప్రియుడెక్కడ, అని తోచినది. మరాఠీవారికి “పావుస్ ఆలా”, వాన వచ్చెను, అని తోచినది. ఆంగ్లేయులకు అదే కూత మెదడు జ్వరమును స్ఫురింపజేసినదట! ఎవరి వేదన వారిది.

కాళిదాసుని చాతకము ఈ రెంటిలో ఏది? మేఘసందేశమున మేఘునకు ఎడమవైపున చాతకము మధురముగ పలుకుట శుభశకునముగ చెప్పబడినది. ఇచ్చట పక్షి వినబడినదేకాని వర్ణింపబడలేదు. కాని కొందరు ప్రక్షిప్తమని తలచు మరియొక శ్లోకమున, వానచినుకుల నందుకొను చాతకములను సిద్ధులు చూచుచుందురు. పపీహా అట్లు బయలున కానవచ్చు పక్షి కాదు. తలపై జుట్టు గల వానకోయిలయన్ననో బాహాటముగ ఎగురుచు, “పియు పియు పీ” యని లోహధ్వనితో పలుకును. తీవ్రమై చెవిని పొడుచు పపీహా కూతకు “మధురము” అను విశేషణము పొసగుట కష్టము. కనుక శ్లోకము ప్రక్షిప్తమైనను, ధ్వనిసాక్ష్యమొకటియే వానకోయిల పక్షమున నిలుచునని మేము తలంచుచున్నాము. నారదీయశిక్ష ఋషభస్వరమును గోవులకీయగా, పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున దానిని చాతకమునకిచ్చెను. శాస్త్రకారులును దీనిని కంఠముచేతనే ఎరిగియుండిరనుటకు ఇది చాలును.

హిందీ గీతమును తెనిగించువారు పపీహాను చాతకమని మార్చినచో “ప్రియుడెక్కడ” యను శ్లేష నశించును; కోకిలయని మార్చినచో విరహమునకు మారుగ వసంతము వచ్చి కూర్చుండును. పపీహాను పపీహాగనే ఉంచి ఒక పంక్తి వివరణ వ్రాయుట మేలు.

ఇది కవిసమయములను దిద్దుట కాదు. కోకిల గ్రీష్మాదులందును కూయునని ఎరిగియే, వసంతముననే వర్ణించుట కవిసమయమని రాజశేఖరుడు కావ్యమీమాంసలో తెలిపెను. కూయునది నల్లని మగకోకిల; చుక్కల ఆడుకోకిల “కిక్ కిక్” మని అరచును. అంతమాత్రముచే విశ్వనాథవారి “కోకిలమ్మ పెళ్లి”కి పేరు మార్పబనిలేదు.

తెలుగు చాతకమునకు మాత్రము వేరొక చిక్కు కలదు. నైరృతి ఋతుపవనముతో ఆఫ్రికానుండి ఉత్తరభారతమునకు వచ్చు తెగ ఒకటి. దక్షిణమున ఏడాది పొడవున నివసించు తెగ మరియొకటి. కాగా మన ప్రబంధకవి చాతకమును తొలకరి మబ్బునకే ముడివేసినపుడు, అది తన తోటలో విన్నదో, కాళిదాసునందు చదివినదో పద్యము పద్యమునకు విడిగ తేల్చవలసియున్నది.