చేయి కాలే కాయిల్

పెట్రోలు బోటు ఇంజన్‌లో ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కినంత మాత్రాన అది జబ్బు కాదు. బాగున్న కాయిల్ కూడా కొంతసేపు నడిచాక చేయి ఆనించలేనంత వేడిగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకున్న ఇంజన్ అరగంటకు మిస్ కొట్టి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ మామూలుగా స్టార్టయితే అప్పుడు కాయిల్‌ను అనుమానించాలి. ఆగాక చల్లారేలోపే స్పార్క్ చూడాలి. స్పార్క్ బాగుంటే తప్పు పెట్రోలు లైనులో ఉండొచ్చు. వేడికి లైనులో పెట్రోలు ఆవిరైనా ఇంజన్ ఇలాగే ఆగుతుంది.

బోటులో ఈ పరీక్ష ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక పడవ అడుగున పేరుకుంటుంది. ఇంజన్ పెట్టె మూత తీసి, బ్లోయర్ కనీసం 4 నిమిషాలు నడిపి, వాసన లేదని తేలాకే స్పార్క్ జోలికి పోవాలి. మన తీరంలో వేటకు వెళ్ళే మరపడవలు చాలావరకు డీజిల్‌వి. వాటికి ఈ బెడదే లేదు.

పాయింట్లున్న పాత ఇన్‌బోర్డు ఇంజన్లలో ఏర్పాటు పాత అంబాసిడర్ కారులో లాంటిదే. చాలా కాయిళ్ళకు ముందు ఒక రెసిస్టెన్స్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం కరెంటు దాన్ని తప్పించుకుని వేరే వైరు గుండా నేరుగా వస్తుంది. కాయిల్ 1.5 ఓములు, రెసిస్టెన్స్ 1.5 ఓములు అనుకుంటే, 12 వోల్టుల బ్యాటరీ మీద పాయింట్లు మూసుకున్నప్పుడు పారేది 4 ఆంపియర్లు, కాయిల్‌లో పుట్టే వేడి 24 వాట్లు. ఎవరో రిపేరులో ఆ రెసిస్టెన్స్ తీసేసి వైరు నేరుగా కలిపితే 8 ఆంపియర్లు, 96 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అప్పుడు ఎన్ని కాయిళ్ళు మార్చినా కాలిపోతూనే ఉంటాయి. ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసి, కాయిల్ ప్లస్ దగ్గర మల్టీమీటర్ పెడితే సంగతి తేలుతుంది: 6 నుంచి 9 వోల్టులు రావాలి, 12 వస్తే రెసిస్టెన్స్ లేనట్టే.

ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేసినా, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలొచ్చు. పాయింట్ల ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, పాయింట్లు ఎక్కువసేపు మూసుకుని ఉంటాయి, వేడి పెరుగుతుంది. ఛార్జింగ్ 15 వోల్టులు దాటినా అంతే.

కొలవకుండా ఏ భాగమూ మార్చకూడదన్నది ఈ కాలమ్ పాత పట్టుదల. కాయిల్ దగ్గర అది పూర్తిగా నిలవదు. మీటరు కొద్దిపాటి వోల్టేజితో కొలుస్తుంది. కాయిల్ పనిచేసేది 20,000 వోల్టుల స్థాయిలో. లోపలి ఇన్సులేషన్ వేడికి వదులుతుంటే, చల్లారిన కాయిల్ ఓములు సరిగ్గానే చూపిస్తుంది. కనుక వోల్టేజి, గ్యాప్ సరిచూశాక కూడా వేడిలో స్పార్క్ పోతుంటే, బాగున్న మరో కాయిల్ బిగించి అరగంట నడపడమే అసలైన పరీక్ష. కొత్తది కూడా ఆ రెసిస్టెన్స్‌కు సరిపడే ఓములదే కావాలి. వీలైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా, గాలి తగిలే చోట బిగించాలి.